నీళ్ళల్లో బూందీ

శనివారం పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తూనే గిరిజ తండ్రికి ఆ రోజు సంగతి చెప్పింది. "నాన్నా, మధ్యాహ్నం పీటరూ, వాళ్ళమ్మా భోజనానికొస్తున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకో. వంటింట్లోకి మాత్రం రాకు."

సత్యం సరేనన్నాడు. మాట తక్కువ మనిషి. సత్తెనపల్లి పక్కన మిరపతోటలు చేసీ చేసీ, మనుషులతో కన్నా మొక్కలతో ఎక్కువ మసలినవాడు. రెండువేల పన్నెండు వేసవిలో అమెరికాకు, ట్రాయ్‌లోని కూతురింటికి వచ్చిన దగ్గర్నుంచీ ఒకే కుర్చీలో కూర్చుని అన్నీ చూస్తున్నాడు. మనవరాలు నీహారికకు పీటర్‌తో పెళ్ళి ఈ భోజనం మీదే ఆధారపడి ఉందన్న సంగతి కూడా అలా చూసి తెలుసుకున్నదే.

పీటర్ తల్లి ఇలోనా హంగేరీ నుంచి వచ్చి స్థిరపడినావిడ. నీహారికేమో మాంసం, గుడ్డే కాదు, పాలూ పెరుగూ కూడా ముట్టదు. "మీగడ ముట్టని పిల్ల మా వంటలేం వండుతుంది?" అని ఆవిడ ఒకసారి అందట. అప్పట్నుంచి పెళ్ళి మాట ఎత్తడం లేదు. హంగేరీ వంటే, పాలచుక్క పడకుండా చేసి ఆవిడకే వడ్డిస్తానని నీహారిక పంతం పట్టింది.

"ఏం చేస్తున్నావమ్మలూ?" కుర్చీలోంచే అడిగాడు సత్యం.

"పాప్రికాష్ కూర తాతయ్యా, మష్రూమ్స్‌తో. దాంతో నోకెడ్లి."

"నూకిడ్లీనా?" సత్యం ముఖం విప్పారింది. "మంచిదే. చట్నీ చేశారా?"

"ఆఁ, ఆఁ" అంది నీహారిక వినిపించుకోకుండా.

వంటింట్లోకి రావద్దన్నారు గాని, చూడొద్దనలేదు. కుర్చీ గుమ్మానికి ఎదురుగానే ఉంది. నీహారిక మైదాలో గుడ్డుకు బదులు శనగపిండి కలిపి జారుగా చేసుకుంది. ఆ పిండిని చుక్కలుగా మరిగే నీళ్ళల్లోకి జార్చి ఉడికించడానికి తల్లి వాడే బూందీ గరిటె తీసి పక్కన పెట్టుకుంది. పొయ్యి మీద గిన్నె ఎక్కించింది. అంతలో ఫోన్ మోగింది.

"ఆల్రెడీ బయల్దేరారా? ఓ మై గాడ్, మమ్మీ, చీర!"

తల్లీకూతుళ్ళిద్దరూ మేడమీదికి పరుగెత్తారు.

సత్యం లేచి వెళ్ళి గిన్నెలోకి తొంగిచూశాడు. నీళ్ళు సలసల మరుగుతున్నాయి. శనగపిండి చూశాడు. బూందీ గరిటె చూశాడు. మళ్ళీ నీళ్ళు చూశాడు. పిల్ల కంగారులో నూనెకు బదులు నీళ్ళు పోసేసింది. అరిచి చెబితే చిన్నబుచ్చుకుంటుందని, చప్పుడు కాకుండా నీళ్ళు పారబోసి, మూకుడు పెట్టి, నూనె కాచి, పిండంతా బూందీ దూసేశాడు. గింజలు గుండ్రంగా, కరకరలాడుతూ వచ్చాయి.

పక్క పొయ్యి మీద కూర ఎర్రగా నిగనిగలాడుతోంది. ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాడు. కారం లేదు. దాని పక్కనున్న ఎర్ర పొడి చిటికెడు నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది. పాప్రికా అంటే కారం లేని మిరపపొడేనని ఆయనకెవరూ చెప్పలేదు.

"ఉత్త రంగుపొడి అంటగట్టారు, దొంగసచ్చినోళ్ళు" అనుకుని, తను తెచ్చిన తోట కారం దండిగా వేసి కలిపి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

గిరిజ దిగివచ్చి కూర రుచి చూసింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కూతురే చెయ్యి జారిందనుకుంది. జీడిపప్పూ నిమ్మరసమూ రుబ్బి నీహారిక దాచుకున్న మీగడంతా అందులో కుమ్మరించింది. కారం తగ్గలేదు. చెంబుతో వేడినీళ్ళు పోసింది. అప్పటికీ తగ్గలేదు గాని, కూర కాస్తా చారయింది.

నీహారిక కుచ్చెళ్ళు పట్టుకుని వచ్చి నిలబడిపోయింది. "మమ్మీ, ఈ సూప్ ఏంటి?"

"నువ్వేగా కారం కుమ్మరించింది!"

"నేనా? అది స్వీట్ పాప్రికా మమ్మీ!"

ఇద్దరూ కుర్చీ వైపు తిరిగారు.

"తాతయ్యా, నా వాటర్ ఏం చేశావ్?"

"నీళ్ళల్లో బూందీ ఎవరేస్తారమ్మలూ?"

"అది బూందీ కాదు! అది..."

తలుపు గంట మోగింది.

ఇలోనా పొట్టిగా, దిట్టంగా ఉంది. మాటల పొదుపులో సత్యానికి తీసిపోదు. బల్ల దగ్గర కూర్చుని చారు చూసింది. బూందీ పళ్ళెం చూసి ఆగింది. ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపింది. నీహారిక కళ్ళు మూసుకుంది. ఆవిడ గుప్పెడు బూందీ చారులో వేసుకుని తాగింది. చెమట తుడుచుకుంది. ముక్కు చీదుకుంది. గిన్నె ముందుకు జరిపి మళ్ళీ పోయమంది. రెండోదీ అయ్యాక కొడుకుతో తమ భాషలో ఏదో అంది. పీటర్ దాన్ని ఇంగ్లీషులో చెబితే, గిరిజ తండ్రికి తెలుగు చేసింది.

"చిన్నప్పుడు ఆదివారమొస్తే వాళ్ళమ్మ చారులోకి ఇవే వేయించేదట నాన్నా. చారు ముత్యాలంటారట. ఈ దేశమొచ్చాక ఎవరింట్లోనూ చూళ్ళేదట. పాప్రికాష్ అని చెప్పి సర్‌ప్రైజ్ చేశావా అంటోంది."

నీహారిక నోరు తెరిచి, మూసి, "యెస్" అంది.

మీగడ జీడిపప్పుదంటే ఆవిడ నమ్మలేదు. నమ్మాక, పెళ్ళి భోజనంలో ఈ చారు ఉండాల్సిందేనని తేల్చేసింది. మీగడ గొడవ తర్వాత పెళ్ళన్న మాట ఆవిడ నోటి వెంట రావడం అదే మొదలు.

నీహారిక లేచి వచ్చి తాతయ్య మెడ చుట్టూ చేతులు వేసింది. సత్యం మాత్రం ఖాళీ పళ్ళెం ముందు పెట్టుకుని వంటింటి వైపే చూస్తున్నాడు.

"నువ్వేం తినవేం నాన్నా?" అంది గిరిజ.

"ఆ నూకిడ్లీ రానీ" అన్నాడు సత్యం.