కంప్యూటరుకి వీక్లీ ఆఫ్

గోపాలపట్నంలో ఓ వీధికి కుళాయి నీళ్లు తెల్లవారుజామున అయిదింటికొచ్చి అయిదుంపావుకి వెళ్లిపోతాయి. ఆ పావుగంట కునుకు తీసినవాళ్లు సాయంత్రం దాకా పక్కింటి బిందె వంక చూస్తూ కూర్చోవాల్సిందే. ఈ ప్రజాసమస్యను శాశ్వతంగా పరిష్కరించడానికి స్టీల్ ప్లాంటు షిఫ్ట్ ఇన్‌చార్జి త్రినాథరావు రెండువేల నాలుగులో కంప్యూటరు కొన్నాడు.

రోజూ అయిదుకి పది నిమిషాలుందనగా సైరన్ మోగించమని దానికి పని పురమాయించి, కిటికీలో స్పీకర్లు పెట్టాడు. రాత్రి తనే దాన్ని ఆపి, గుడ్డ కప్పి పడుకునేవాడు. పొద్దున్నే అది తనంతట తనే లేచి డ్యూటీ ఎక్కేది. వీధి కమిటీ మురిసిపోయి ఆయనకి శాలువా కప్పింది.

ఆయన భార్య తాయారు చెల్లెల్ని చూడ్డానికి అనకాపల్లి వెళ్లింది. ఆ మర్నాడే సైరన్ మోగలేదు. వీధంతా ఖాళీ బిందెలతో ఆయన గుమ్మంలో నిలబడింది.

"ఏటి బావ, మమ్మల్ని ముంచీసినావు," అన్నాడు ఎదురింటి వరహాలు. "ములగడానికైనా నీళ్లు లేవు."

త్రినాథరావు స్విచ్ వేయగానే తెర మీద ఇంగ్లీషులో సంజాయిషీ కనబడింది. పని జరగలేదు, కారణం: ఆ సమయానికి కంప్యూటరు ఆఫ్. ఇరవయ్యేళ్లు షిఫ్టులు చేసిన మనిషికి ఆ ముక్కకి అర్థం వేరే చెప్పాలా? ఆఫ్ అంటే వారానికో రోజు సెలవు. చెప్పాపెట్టకుండా ఆఫ్ తీసుకున్నందుకు మెమో రాసి కీబోర్డు కింద పెట్టాడు. మర్నాడూ ఆఫే. టైము మార్చాడు, నిమ్మకాయ కట్టాడు. మూడోనాడూ ఆఫే. శాలువా వెనక్కి తీసుకుందామన్నవాళ్లూ బయల్దేరారు. ఆయనకి అన్నం సయించలేదు.

నాలుగోనాడు తాయారు ఊర్నించి వచ్చి, సంగతంతా వింది.

"నాను నాలుగున్నరకి లెగిసి సిచ్చి ఏసేదాన్ని. నాను ఊళ్లో లేకపోతే ఎవులేత్తారు?" అంది.

త్రినాథరావుకి సిగ్గేసింది. ఆ సిగ్గు సాయంత్రం కమిటీ మీటింగు దాకా నిలవలేదు. అక్కడ తాయారు స్విచ్చి మాట ఎత్తకుండా, కంప్యూటరు ఆఫ్ తీసుకుందనే విన్నవించాడు.

"ఏడురోజులూ గొడ్డుచాకిరీ చేయిస్తే యంత్రమైనా ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? విశ్రాంతి దాని జన్మహక్కు," అని అధ్యక్షులు కృష్ణంరాజుగారు గంభీరంగా ఉపన్యసించారు. లోపం సవరించబడినట్టు మినిట్సులో రాసుకున్నారు. ఇకపై ఆదివారం కంప్యూటరుకి ఆఫ్. ఆ రోజు మాత్రం, ఎలాగూ నాలుగున్నరకే లేస్తుంది కాబట్టి, తాయారు గుమ్మం గుమ్మం తట్టి వీధిని లేపాలి. తీర్మానం ఏకగ్రీవం. త్రినాథరావు కూడా చెయ్యెత్తాడు.

రెండో ఆదివారం తాయారుకి జ్వరం. ఒళ్లు కాలిపోతున్నా లేచి అన్ని తలుపులూ తట్టింది, కాకపోతే రెండు నిమిషాలు ఆలస్యమైంది. మధ్యాహ్నానికల్లా వీధంతా సంతకాలు పెట్టిన కాగితం త్రినాథరావు చేతికొచ్చింది. ఎంతైనా మనిషి కంటే కంప్యూటరే నమ్మకమని, దాని ఆఫ్ రద్దు చేయాలని.