నల్లా గుంతలో బంగారం

బహదూర్‌పురా భూగర్భంలో బంగారం ఉన్నదనీ, ఇకమీదట ఈ దేశం బంగారం కోసం ఎవరి మొహమూ చూడనక్కరలేదనీ మంత్రిగారు బెంచీ ఎక్కి ప్రకటించారు. ఆ బంగారాన్ని కనిపెట్టిన మహానుభావుడు మొగులయ్య, బెంచీ ఊగకుండా పట్టుకుని కింద కూర్చున్నాడు.

మొగులయ్య కంచన్‌బాగ్‌లో ఒక లేబొరేటరీలో సీసాలు కడుగుతాడు. పద్దెనిమిదేళ్లు సైంటిస్టుల సీసాలు కడిగినవాడికి కాస్తయినా సైన్సు అంటుకోకపోతుందా అని అతని ధీమా. ఆరేళ్లు అర్జీలు పెట్టగా పెట్టగా గల్లీకి మంచినీళ్ల నల్లా శాంక్షనైంది. పైపు కోసం గుంత తవ్వుతుంటే గడ్డపారకు తెల్లటి పలుగురాయి తగిలింది. దాన్ని ఆనుకుని చిల్లులు పడ్డ పాత పైపు ముక్క కూడా ఉంది గానీ దాన్నెవరూ పట్టించుకోలేదు. రాయి నిండా ఎర్రటి మరకలు. నోరు మూసుకుని ఉంటే పోయేది. పదిమంది చేరిన చోట మొగులయ్య నోరు ఏనాడు ఊరుకుంది గనక!

“గీ మరక చూసిన్రా? ఇనుము మరక. గిసుంటి పలుగురాళ్లల్ల బంగారం ఉండొచ్చని మా సార్లు అంటరు.”

“ఉండొచ్చు” అన్న మాట చార్మినార్ దాటేలోపు ఎక్కడో జారిపోయింది. సాయంత్రానికల్లా మంత్రిగారు వచ్చారు, బెంచీ ఎక్కారు. తవ్వకం ఆగింది. గుంతకు పోలీసు కాపలా పడింది. మొగులయ్య స్వర్ణ నిర్ధారణ కమిటీ మెంబరయ్యాడు.

“మరి నల్లా ఏమాయె?” పక్క గల్లీ నుంచి మోసుకొచ్చిన బిందె దించుతూ అడిగింది అతని భార్య నీలమ్మ.

“బంగారం ఎల్తుంటే నీళ్ల ఫికర్ ఏందే నీకు?”

“దూపైతే బంగారం తాగుతవా?”

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు రాతిలో ఒక మూల మెరిసే పసుపు చుక్క కనిపిస్తే సూదితో పొడిచి చూశాడు. బంగారమైతే మెత్తగా నొక్కుకుపోవాలి. అది పొడిపొడిగా రాలింది. కమిటీలో నిజం చెప్పేద్దామనే లేచాడు. సరిగ్గా అప్పుడే మెళ్లో దండ పడింది. “ఇంకా లోతుగ పరిశోధన చెయ్యాలె సార్,” అన్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తుంది అతనికి.

నాలుగు నెలలకు రిపోర్టు వచ్చింది. బంగారం లేదు. ఆ మరకలు కూడా రాయివి కావు, ఆనుకుని ఉన్న పాత నల్లా పైపు తుప్పువి. మొగులయ్యకు ప్రాణం లేచొచ్చింది. పోనీ, ఇక నల్లా అయినా వస్తుంది. రిపోర్టు కింద గుండ్రంగా సంతకం పెట్టాడు.

వారం తిరక్కముందే ఇంజనీరు కూలీలతో వచ్చి గుంత పూడ్పించసాగాడు.

“సార్, నల్లా?”

“ఈ గల్లీకి పన్నెండేళ్ల కిందనే నల్లా ఇచ్చినం. ఓపెనింగ్ కూడ అయింది. ఆ నల్లాకు రుజువు లేక మళ్ల శాంక్షన్ చేసినం. ఇప్పుడు పైపు దొరికె. ఒక గల్లీకి ఒక్కటే నల్లా.” ఇంజనీరు ఫైలు తిప్పి కమిటీ రిపోర్టు చూపించాడు. “గీ సంతకం నీదే గదా?”

నీలమ్మ వచ్చి ఖాళీ బిందె మొగులయ్య భుజానికెత్తింది.

“నడువుండ్రి మెంబర్ సాబ్. పక్క గల్లీల లైను పెరుగుతున్నది.”