కాఫీలో కలిసిన ప్లగ్గు

ఆ ఉదయం గాసి అనుకున్నది ఒక్కటే: ఎనిమిదింటికి బండి తీయాలి, పదింటికల్లా కూతురు బేబిని పాడేరులో దింపాలి. పిల్లకు నర్సింగులో సీటు వచ్చింది. వేళకు వెళ్లి సర్టిఫికెట్లు చూపించకపోతే ఆ సీటు వెనకున్నవాళ్లకు పోతుంది. బస్సు ఏడింటికే వెళ్లిపోయింది. బండి ఉండగా బస్సెందుకన్న మహానుభావుడు గాసే.

బండేమో నెల రోజులుగా దగ్గుతోంది. పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగిన స్పార్కు ప్లగ్గు, ఇంక మార్చెయ్యమని జి.మాడుగుల మెకానిక్కు శివప్రసాద్ అప్పుడే చెప్పి, కొత్తది చేతిలో పెట్టి మరీ పంపాడు. రేపు చూద్దామనుకున్న గాసి దాన్ని ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు. ఇవాళ పాతిక సార్లు తన్నినా బండి ఊఁ అనలేదు.

పాత ప్లగ్గు ఊడదీస్తే బొగ్గు ముక్కలా ఉంది. పెట్రోలుతో కడిగి, ఆరనిద్దామని ముంగిట్లో కాఫీ పళ్లు ఎండబోసిన టార్పాలిన్ అంచున పెట్టి, గుడ్డముక్క కోసం లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి తల్లి అచ్చియమ్మ ఆ పళ్లను కాళ్లతో తిరగదోస్తోంది.

"అమ్మా! ఇక్కడ ప్లగ్గెట్టినాను, ఏటి సేసినావు?"

"నాకేటి తెల్సురా? ఎండినాక అన్నీ నల్లగానే ఉంటాయి!"

ముగ్గురూ మోకాళ్ల మీద కూలబడి వెతకసాగారు. దారిన పోతున్న సుక్రు చూశాడు. అడిగితే ఏం పోయింది? అడగకుండానే, ముసలమ్మ బంగారు ముక్కుపుడక కాఫీలో పడిందని ఊరంతా చెప్పాడు. పదిమంది వచ్చి వంగారు.

"ముక్కుపుడక ముక్కునే ఉన్నాది గదే!" అంది ఒకామె.

అప్పటికే వెనక వచ్చినవాళ్లు, ఇంతమంది వంగి చూస్తున్నారంటే పామే అయ్యుంటుందని కర్రలు పట్టుకొచ్చారు. కాఫీ పళ్లలో నల్లగా ఏదో కదిలిందన్నారు. వెంటనే దెబ్బ పడింది. టక్కుమంది.

"సచ్చింది!" అన్నాడు సుక్రు.

"సచ్చింది నా ప్లగ్గు!" అన్నాడు గాసి, పగిలిన పింగాణీ ముక్కలు ఏరుకుంటూ.

తొమ్మిది కావస్తోంది. పాడేరు గంట ప్రయాణం. బేబి ఫైలు గుండెకు హత్తుకుని ఏడుపు ఆపుకోవడానికి తల పైకెత్తింది. ఎత్తిన తల దించలేదు.

"నాయినా, గుమ్మానికి యేలాడతన్నదేటి?"

జీడిపిక్కలకూ ఎండుమిరపకాయలకూ నడుమ కొత్త ప్లగ్గు తెల్లగా మెరుస్తోంది.

"దిష్టికి కట్టినాను," అంది అచ్చియమ్మ. "ఇనప ముక్క, సుబ్బరంగుంది గదా అని. అది కట్టినాకే గుంటకి సీటొచ్చింది. ముట్టుకున్నారంటే ఊరుకోను!"

"అది ఇప్పకపోతే ఆ సీటే పోద్ది, నాయనమ్మా!"

అచ్చియమ్మ మనవరాలి కళ్లలోకి చూసింది. "మరి గుమ్మం బోసిగా వదిలీమంతావా?"

"పగిలింది కట్టుకో. ఆ దెబ్బ మన దిష్టంతా దీసుకుపోనాది."

ముసలమ్మ తానే ముడి విప్పింది. గాసి దారం తీసేసి, మరలు కుదిరేదాకా ప్లగ్గును వేళ్లతోనే తిప్పాడు. ఆపైన స్పానరుతో కొంచెం బిగించాడు. ఒక్క తన్నుకే బండి లేచింది. పాము కోసం వచ్చిన కర్రలన్నీ పక్కకు తప్పుకుని దారిచ్చాయి.

"బేగి పోరా! గుంట జాగర్త!" అని అచ్చియమ్మ వెనక నుంచి అరిచింది.

పదికి ఐదు నిమిషాలుండగా బేబి వరసలో నిలబడింది. ఇప్పుడు రెండో ఏడు చదువుతోంది.

ఆ ఇంట్లో కిలోమీటర్లు చూసేవాళ్లు ఇప్పటికీ లేరు. గుమ్మానికున్నది తుప్పుపట్టినప్పుడల్లా అచ్చియమ్మే కొడుకును కేకేస్తుంది: "ఒరే, దిష్టిది పాతబడిపోనాది, బండి ప్లగ్గు మార్సవేటిరా?"

శివప్రసాద్ మాత్రం, తన మాట వినే గిరాకీ గాసి ఒక్కడే అని అందరికీ చెబుతుంటాడు.