నలభై రెండు వద్దులు, ఒక కావాల

మన దేశంలో మనిషికి బుద్ధి పద్దెనిమిదో పుట్టినరోజున వస్తుంది. ముందురోజు దాకా రాదు, వచ్చాక ఎప్పటికీ పోదు. (ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో సగం మందికి అది జూన్ ఒకటిన వస్తుంది. బడిలో చేర్చుకున్న అయ్యవారు అడిగే ఓపిక లేక అందరికీ అదే తేదీ వేశారు.) ఇంత సవ్యంగా సాగుతున్న ఏర్పాటును కదిలించి, ఓటు వయసు పదహారుకు దించవచ్చా అని తేల్చడానికి ‘ఓటరు పరిపక్వతా నిర్ధారణ సంఘం’ ఏర్పడింది.

సంఘం చాలా ఆలోచించి నియమాలు పెట్టింది. అభిప్రాయం చెప్పేవారికి పద్దెనిమిది నిండాలి, ఎందుకంటే పదహారేళ్ళవాళ్ళను అడిగితే తమ లాభం చూసుకుంటారు. అభిప్రాయాన్ని యాప్‌లో వేలిముద్ర వేసి చెప్పాలి. ముద్ర పడనివారు కాగితం మీద ఇవ్వవచ్చు. ఆ కాగితం నింపే సహాయకుడికి మాత్రం పద్నాలుగేళ్ళు నిండితే చాలు.

నూలు లాగి లాగి అరిగిన బొటనవేళ్ళను యాప్ మనుషులవిగా ఒప్పుకోలేదు. వీధి మొత్తానికి కాగితాలే గతి అయ్యాయి. మగ్గం గుంతలో దిగినవాడు నేత మధ్యలో లేవడు. బయటి పనులన్నీ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేవాళ్ళే చక్కబెట్టాలి. శంకరప్ప ఇంట్లో కండెలు చుట్టేది ఆయన కూతురు ఈశ్వరి. ఇంటర్ మొదటి సంవత్సరం, పదహారేళ్ళు. వీధిలో ఎవరి ఫోనుకు జబ్బు చేసినా, ఎవరి కార్డులో పేరు తప్పుపడినా ఆమే వైద్యురాలు.

ఆమెకు ఓటు కావాలి. సరదాకి కాదు. నాలుగు రోజులకొకసారి వచ్చే కుళాయి దగ్గర బిందెలు పట్టేది తను, ఆ నీళ్ళ సంగతి చూసే మనిషిని ఎన్నుకునేది బిందె ముట్టనివాళ్ళు. ఈ ఏర్పాటు మీద ఆమెకు ఒళ్ళుమంటగా ఉండేది.

పక్కింటి మల్లన్న మగ్గం ఆపకుండానే అభిప్రాయం చెప్పాడు.

“వద్దని రాయి పాపా. పదహారేండ్ల పిల్లోల్లకు ఏం తెలుస్తాది? ఆఁ, పోయేటప్పుడు నా ఫోన్లో గ్యాసు బుక్ జేసి పో. నాకు సేత గాలేదు.”

ఈశ్వరి ‘వద్దు’ దగ్గర టిక్కు పెట్టింది, గ్యాసు బుక్ చేసింది, తరువాతి ఇంటికి పోయింది. అక్కడా అదే మాట. నలభై ఒక్క ఇళ్ళలో నలభై ఒక్క వద్దులు పోగయ్యాయి. కాగితం మీద ‘వద్దు’ గడికీ ‘కావాల’ గడికీ మధ్య గోరంత దూరం. చూసేవాడు లేడు, చూసినా చదివేవాడు లేడు. అయినా ఆమె వేలు పక్కకు జరగలేదు.

చివరికి సొంత ఇంటికి వచ్చింది.

“వద్దనే రాయమ్మా,” అన్నాడు శంకరప్ప.

“నాకూ ఏమీ తెలీదా నాయనా?”

“నీ మాట వేరే. నేను సెప్పేది పదహారేండ్ల పిల్లోల్ల గురించి.”

“నాకు పదహారే గదా.”

మగ్గం చప్పుడు ఆగింది. శంకరప్ప కూతురి వంక చూసి, పోగు నడిపే నాడె వంక చూసి, మళ్ళీ నాడెకే కట్టుబడ్డాడు. “అదంతా ఆ కాగితంలో పట్టదులే,” అన్నాడు. ఈశ్వరికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే టిక్కు పెట్టింది, నాయన చెప్పిన చోటే.

మూలన కూర్చున్న అవ్వ ముత్తమ్మ తన వంతు కాగితం లాక్కుంది. “నాకు పదమూడేండ్లకే పెండ్లి జేసినారు. సంసారానికి సాలిన వయసు ఓటుకు సాలదంట! కావాలని రాయే.”

మర్నాడు ఈశ్వరి కట్ట పట్టుకుని బస్సులో ఆదోనికి పోయింది. పత్తి మార్కెట్ యార్డు వెనక అద్దె గదిలో సంఘం కార్యాలయం. అభిప్రాయ స్వీకరణ అధికారి తిక్కయ్య గారు కట్ట తిప్పి మురిసిపోయారు.

“ఒక్క కొట్టివేత గూడా లేదే! వేరే వీధులోల్లు అభిప్రాయం గడిలో పింఛను రాలేదని రాసినారు. ఇవి ఎవురు నింపినారు?”

“నేనే సార్.”

ఆయన ఆనందం ముత్తమ్మ కాగితం దగ్గర ఆగింది. “ఇది నువ్వు సొంతంగా రాసుకున్నదే గదా?”

“లేదు సార్. మా అవ్వ సెప్పింది.”

“నలభై రెండు వద్దుల్లో ఒక కావాల యాడనుంచి వస్తాదమ్మా? సిన్నపిల్లల పని ఇట్లే ఉంటాది.” (నియమావళి ప్రకారం ఒక కట్టలో ఐదుగురికి తక్కువమంది చెప్పిన అభిప్రాయం చేతిపొరపాటు కింద లెక్క.) ఆయన ఎర్ర సిరాతో అవ్వను కొట్టేశారు.

“సార్, నలభై రెండూ కావాలని రాసింటే మీకు తెలిసేదా?”

తిక్కయ్య గారు నిజాయితీపరులు. “తెలిసేది కాదు,” అన్నారు.

“మల్ల నేను రాయలేదు గదా సార్.”

ఆ మాట నమోదు చేయడానికి గడి లేదు. పైగా సాయంత్రంలోగా నివేదిక పంపాలి, కంప్యూటరు ఆపరేటరేమో సెలవులో ఉన్నాడు. “తెలుగు టైపింగ్ వస్తాదా పాపా?” అని అడిగారు. వస్తుంది.

ఆయన చెబుతూ పోయారు, ఈశ్వరి కొడుతూ పోయింది. పదహారేళ్ళవారికి స్వార్థం దాటి ఆలోచించే శక్తి లేదనీ, ముఖ్యమైన పని వారి చేతిలో పెట్టి నిశ్చింతగా ఉండలేమనీ, కనుక వయసు తగ్గించరాదనీ సంఘం భావిస్తున్నది. ఈశ్వరి ఒక్క మాట మార్చలేదు. అచ్చు తీసి బల్ల మీద పెట్టింది.

తిక్కయ్య గారు కలం తెరిచి నేరుగా చివరి పేజీ తిప్పారు.

“సదవరా సార్?”

“నువ్వు కొట్టినావు గదమ్మా,” అంటూ సంతకం పెట్టారు. “మల్ల సదివేదేముంది?”