మూడు జెండాల లాంచీ

పాత ఓడల్ని విరగ్గొట్టడానికి పెట్టిన నిబంధనల వల్ల ఓడ యజమానులు నాశనమైపోతున్నారని ఎవరైనా అంటే నమ్మకండి. అంతకంటే పచ్చి అబద్ధం లేదు! ఆ నిబంధనలు వరాలు. కాదన్నవాళ్లు బస్తర్ వచ్చి, కోంటాలో ఉమామహేశ్‌ని అడగండి.

బస్తర్‌లో ఓడ యజమానా అని నవ్వుతున్నారా? సముద్రం లేనంత మాత్రాన ఓడ ఉండకూడదా?

ఉమామహేశ్‌ది కోంటా బజారులో కిరాణా కొట్టు. తాత కాలం నుంచి శబరి నది మీద ఒక ఇనుప లాంచీ కూడా ఉంది. చింతపండు మూటలు, మనుషులు, మేకలు అన్నీ అందులోనే దాటేవి. వంతెన వచ్చాక మేకలు కూడా దాన్ని ఎక్కడం మానేశాయి. ఒడ్డున తుప్పు పడుతున్న ఆ లాంచీ పోయిన వానాకాలం వరదకి తాడు తెంపుకుని, వంతెన స్తంభాన్ని వెంట్రుకవాసిలో తప్పించుకుని, పొదల్లో ఆగింది.

మర్నాడు సర్కారీ బాబు ఒకాయన కొట్టుకి వచ్చాడు. "ఈసారి తెగిందంటే, అది దేనికి తగిలినా జవాబు చెప్పాల్సింది మాలికే. జైలుకి దుప్పటి సర్దుకోండి సేఠ్‌జీ" అని చెప్పి, ఒక బిస్కెట్ ప్యాకెట్ జేబులో వేసుకుని వెళ్లాడు.

ఆ రోజు నుంచి మబ్బు కనిపిస్తే చాలు, ఉమామహేశ్ చేతిలో తూకం తప్పుతోంది. మళ్లీ వానలు పడేలోగా లాంచీ పోవాలి. జగదల్‌పూర్ నుంచి పాత ఇనుము కొనే కబాడీ వ్యాపారి ముకేష్ ట్రక్కులో గ్యాస్ కట్టర్ వేసుకుని వచ్చాడు. మంట అంటించబోతున్నాడు. సరిగ్గా అప్పుడే బామ్మర్ది మురళి బస్సు దిగాడు.

మురళికి కిరండూల్ ఇనుప గనిలో ఉద్యోగం. భద్రతా విభాగం. అక్కగారి వంటింట్లో గరిటె ఎక్కడ వేలాడాలో కూడా నిబంధన ప్రకారం చెప్పే మనిషి.

"ఆగండి బావగారూ. ఓడని అలా కోసేయకూడదండి. దానికి అంతర్జాతీయ నిబంధనలున్నాయి. లోపల ఏమేం విషాలున్నాయో చూడాలి. అనుమతి ఉన్న యార్డులోనే విరగ్గొట్టాలి."

"ఇది ఓడ ఏందిరా? లాంచీ."

"నీళ్ల మీద తేలిందా లేదా?"

"తేలింది గని..."

"అయితే ఓడే."

ఆ నిబంధనలు సముద్రాలు దాటే మహానౌకల కోసం రాసినవని మురళికి తట్టలేదు. నిబంధన కనిపిస్తే పాటించడమే తప్ప, అది ఎవరికోసమని అడిగే అలవాటు ఆయనకి లేదు. ముకేష్ మాత్రం 'అంతర్జాతీయం' అన్న మాట చెవిన పడగానే కట్టర్ ఆర్పేశాడు.

"కాగజ్ లేకుంటె నేను ముట్టను సేఠ్‌జీ. నా గోదాం మీదికి విదేశాల పోలీసులొస్తె ఎవరు మాట్లాడాలె? నాకు హిందీయే సరిగ రాదు."

ట్రక్కు ఖాళీగా వెనక్కి పోయింది.

ఇక చూడండి, వరాలు ఎలా కురిశాయో! మొన్నటిదాకా ఉప్పు ప్యాకెట్ల ఉమామహేశ్, బజారులో జహాజ్‌వాలా సేఠ్, అంటే ఓడల షావుకారు అయిపోయాడు. భోపాలపట్నంలో ఒక పెళ్లికి వెళ్తే ఆయన భార్య సుశీలకి ముందు వరసలో కుర్చీ వేశారు. పక్కన కూర్చున్న బచేలి ఇంజినీరుగారి భార్య, "మీ షిప్ ఎక్కడ తిరుగుతోందండీ?" అని అడిగింది.

"ఇప్పుడు రెస్టులో ఉంది" అంది సుశీల.

ఆరోగ్యమంటారా? ఆఫీసుల చుట్టూ తిరిగి ఉమామహేశ్ పొట్ట కరిగింది. జ్ఞానమంటారా? ఇంజను పొగగొట్టానికి చుట్టిన తెల్లటి పీచు ఆస్బెస్టాస్ అనీ, ఊపిరితిత్తుల్లో దూరిందంటే బయటికి రాదనీ మురళి చెప్పాడు. చిన్నప్పుడు దానితో బొమ్మకి గడ్డం పెట్టి ఆడుకున్న ఉమామహేశ్ రెండు సార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. ఇంజను గదిలో గుడ్లు పొదుగుతున్న కోడిని ప్రమాదకర పదార్థాల్లో చేర్చాలా వద్దా అని బావా బామ్మర్దులు పూటంతా వాదించుకున్నారు. చేర్చాలని మురళి. వేలు పొడిపించుకున్నది ఆయనే మరి.

సముద్రం ఉన్న ఊళ్లో ఒక ఆఫీసుకి ఫోన్ చేస్తే, "ఏ రేవు?" అన్నారు.

"కోంటా."

"అది ఏ సముద్రం మీద?"

"శబరి."

"మ్యాప్ చూసి చెబుతాం."

ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

ఇంతలో తొలి వాన పడింది. శబరి రంగు మారింది. ఉమామహేశ్ రంగు కూడా మారింది.

"నన్ను జైల్ల ఏసేదాక నీకు నిద్ర పట్టేటట్టు లేదు మురళీ. పెద్ద పెద్ద ఓడలున్నోళ్లు ఎట్ల జేస్తున్నరు మరి?"

మురళి గొంతు సవరించుకున్నాడు. "వాళ్లలో కొందరికి ఒక దారుంది బావగారూ. ముసలి ఓడని ఎవడో మధ్యవర్తికి అమ్మేస్తారు. ఆ ఓడ పుట్టాక ఎన్నడూ చూడని ఏ చిన్న దీవి జెండానో దానికి కడతారు. అక్కడ రూలు మెత్తగా ఉంటుంది. ఆ జెండాతోనే ఎక్కడో ఇసుక మీదికి ఎక్కించి విరగ్గొట్టిస్తారు. అసలు ఓనరు పేరు ఎక్కడా ఉండదు."

ఉమామహేశ్ మొహం వెలిగిపోయింది. దీవి దేనికి? కోంటా నుంచి చూస్తే నదికి అటువైపు ఒడిశా, కాస్త పక్కకి తిరిగితే ఆంధ్రా. పొద్దున టీ ఒక రాష్ట్రంలో తాగి, కూరగాయలు ఇంకో రాష్ట్రంలో కొని, పెట్రోలు ఎక్కడ చవకైతే అక్కడ పోయించుకునే ఊరది. నది మధ్యలో ఒక ఇసుక దిబ్బ. అది ఎవరిదో మూడు రాష్ట్రాలకీ తెలియదు. తెలుసుకోవాలన్న తొందరా లేదు.

ఇక కావలసింది కొత్త యజమాని. నాటుపడవ నడిపే లచ్చు దొరికాడు.

"లచ్చూ, లాంచీ నీకే ఇచ్చేస్తున్న. ఇనుమంత అమ్ముకో."

"నాకెందుకు సేటూ?"

"జహాజ్ మాలిక్‌వైతవురా."

"మా ఆమె నమ్మదు."

"నమ్మకపోతే మా ఇంటికి తీస్కరా. సుశీల చెప్తది."

కాగితం మీద వేలిముద్ర పడింది. కొబ్బరికాయ పగిలింది. కోడిని గౌరవంగా దించారు. సగం బజారు ఈలలు వేస్తుంటే లాంచీని లాక్కెళ్లి దిబ్బకి ఎక్కించారు. రాష్ట్రానికొకటి చొప్పున మురళి పాత చీరలు చింపి జెండాలు కట్టాడు.

ఇప్పుడు చెప్పండి! నాటుపడవ మనిషిని ఒక్క పూటలో ఓడ యజమానిని చేసిన పథకం ఇంకేదైనా మీరు విన్నారా?

లచ్చు, అతని తమ్ముడు కేసా సుత్తులతో దిగారు. తెల్ల పీచు దూదిలా లేచి వాళ్ల జుట్టు మీద, కనురెప్పల మీద వాలింది. ఒడ్డు నుంచి సుశీల చూసింది.

"తమ్ముడూ, ఆ పీచు మంచిది కాదంటివి గదా. వాళ్లకు మూతికి గుడ్డన్న ఇయ్యలేదేంది?"

"ఇవ్వాల్సింది ఓనరు, అక్కా. ఓనరు లచ్చే."

"మరి లచ్చుకు చెప్పినవా?"

"ఓనరన్నాక నిబంధనలు తెలిసే ఉండాలి. తెలీదంటే కుదరదు."

వరద వచ్చేసరికి దిబ్బ మీద మేకు కూడా మిగల్లేదు. ముకేష్ ఇనుమంతా ఎత్తుకుపోయాడు; ముక్కలైపోయాక దాన్ని ఎవరూ ఓడ అనరు కదా! వంతెన భద్రం. ఉమామహేశ్ భద్రం. కొట్లో తూకం కుదురుకుంది.

లచ్చుకి మాత్రం దగ్గు పట్టుకుంది. సరే, యజమానులన్నాక సవాలక్ష బాధలు. ఎంతకీ తగ్గక ఆస్పత్రికి వెళ్తే, చీటీ రాసే మనిషి తలెత్తకుండా అడిగాడు.

"ఎక్కడ పని చేశావు?"

"దిబ్బ మీద సార్."

"ఏ రాష్ట్రం?"

"మూడు జెండాలు గట్టిన్రు సార్."

"పనిలో పట్టుకున్న జబ్బుకి ఖర్చు మాలికే పెట్టుకోవాలి. వెళ్లి ఆయన్ని తీసుకురా. ఎవరు నీ మాలిక్?"

లచ్చు దగ్గు ఆపుకున్నాడు. ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"నేనే సార్" అన్నాడు.