రబ్బరు వానపాముకు ప్రాణం లేదని రుజువేమిటి?

మనిషి చేపను మోసం చేయడం మొదలుపెట్టి యుగాలు గడిచినా, ఆ మోసానికి ఒక పద్ధతీ పాడూ లేదని గుర్తించిన మొట్టమొదటి సంస్థ మా ఎరల సంక్షేమ శాఖ. అడవి సరస్సుకు గాలం పట్టుకెళ్లేవారు ఇకపై బతికున్న వానపాముల్ని తీసుకెళ్లరాదని, కృత్రిమ ఎరలే వాడాలని శాఖ ఉత్తర్వు వేసింది. బయటి వానపాములు అడవి మట్టిలో చేరితే అడవికి చేటట. సబబే. (శాఖ మాటల్లో సబబైనది ఏదైనా ఉంటే, అది మొదటి పేరాలోనే అయిపోతుంది.)

ఈ ఉత్తర్వుకు అందరికంటే సంబరపడింది మా బావ. ఆయనకు ఒక చేప కావాలి. తినడానికి కాదు, పరువు కోసం. ఏటా అడవికి వెళ్లి గాలం వేస్తాడు, ఒక్కటీ పడకపోతే తప్పంతా వానపాములదే అంటాడు. ఏటా తిరిగొస్తూ బజారులో చేప కొని, తనే పట్టానని అక్క ముందు పెడతాడు. పోయినసారి తెచ్చిన చేప ముక్కలు కోసి, ఐసు పెట్టి ఉంది.

"ఆ సరస్సులో చేపలు ముక్కలుగానే ఈదుతాయేంటండీ?" అంది అక్క.

ఆనాటి నుంచి బావ ఏం చెప్పినా, చివరికి బయట వాన పడుతోందన్నా, అక్క కిటికీలోంచి చూస్తే గానీ నమ్మదు. పాపం, బావ తట్టుకోలేకపోయాడు.

అందుకే ఎరల దుకాణంలో రేకుల ఎరలు, ఈకల ఎరలు, చెక్క చేపపిల్లలు అన్నీ తిరగేసి, చివరికి ఒక రబ్బరు వానపామును ఎంచుకున్నాడు.

"మంచిది తీశారు సార్," అన్నాడు దుకాణదారు. "మట్టి వాసన కూడా కలిపారు దీంట్లో. ఇంటికి తీసుకెళితే మా ఆవిడ స్టూలెక్కి కూర్చుంది."

ఆ నాణ్యతే బావ కొంప ముంచింది. అడవి గేటు దగ్గర ఎరల తనిఖీ అధికారి (అందరూ భూతద్దం గారంటారు) దాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు పరిశీలించాడు.

"కదులుతోంది," అన్నాడు.

"ఫ్యాను గాలికండీ!"

"అది మీ వాదన."

బతికున్నట్టు కనిపించేదల్లా, కాదని రుజువయ్యేదాకా బతికున్నట్టే లెక్క. ఇది నిబంధన.

"బతికున్నట్టు కనబడకపోతే చేప ఎందుకు తింటుంది సార్?" అన్నాడు బావ.

"చేపల సంగతి మాది కాదు. వాటికి వేరే శాఖ ఉంది."

ప్రాణం లేదని ధ్రువపత్రం కోసం బావా, తోడొచ్చిన నేనూ పక్క గదిలోని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన మంచివాడే.

"చచ్చిపోయిందని రాసివ్వగలను. అసలు పుట్టనే లేదని రాసే అధికారం నాకు లేదు," అన్నాడు.

"పోనీ, చచ్చిపోయిందనే రాయండి."

"మీ చేతిలో ఉండగా చచ్చిందంటే కేసవుతుంది. ఆలోచించుకోండి."

బావ ఆలోచించుకున్నాడు. వానపామును శాఖ సంరక్షణలో తడిమట్టి తొట్టెలో ఉంచి నీళ్లు చిలకరించారు. బదులుగా శాఖవారి ఆమోదిత ఎర ఇచ్చారు. అది బూడిదరంగు చెక్కముక్క. చేపను మోసగించారన్న ఆరోపణ రాకుండా, దానికి రెండువైపులా 'కృత్రిమం' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

పొద్దుగూకేదాకా కూర్చున్నాం. చేపలు రావడం, చూడడం, పోవడం.

"చదువుకున్న చేపల్లా ఉన్నాయి బావా," అన్నాను.

బావ నవ్వలేదు. నాకు జాలేసింది.

తిరుగుదారిలో, గేటు పక్కనే శాఖవారి చేపల దుకాణం ఉంది. తొట్టెలో నిగనిగలాడే చేపలు. ప్రతి చేపతోనూ 'స్వయంగా పట్టినది' అని ముద్ర వేసిన పత్రం ఉచితం.

"వీటిని ఏ ఎరతో పట్టారు?" అన్నాను.

"వానపాములతోనండీ," అన్నాడు అమ్మేవాడు, మా అమాయకత్వానికి నవ్వుతూ. "గేటు దగ్గర రోజూ బోలెడు జప్తు చేస్తాం కదా. చెక్కముక్కకి ఎక్కడైనా చేప పడుతుందా?"

బావ నా మొహం చూడకుండా ఒకటి కొన్నాడు.

ఇంట్లో అక్క చేపను అటూ ఇటూ తిప్పింది. చేప నిండుగా ఉంది. నోటి దగ్గర గాలం గుచ్చుకున్న గాయం కూడా ఉంది. అక్క మొహం మెత్తబడింది.

"నిజంగా మీరే పట్టారా?" అంది. ఆ గొంతులో అంత ముచ్చట విని ఎన్నాళ్లయిందో.

బావ అక్కడ ఆగి ఉంటే సంసారం బాగుపడేది. ఆనందం పట్టలేక, జేబులోంచి పత్రం తీసి చూపించాడు.

అక్క చదివింది. ముద్రను వేలితో తడిమింది.

"స్వయంగా పట్టినవాడికి కాగితం ఎందుకండీ?" అని చేపను తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

తొట్టెలోని రబ్బరు వానపాము క్షేమంగా ఉందని, మట్టి మార్చామని శాఖ నుంచి బావ ఫోనుకు వారంవారం సందేశం వస్తోంది. నిన్న సాయంత్రం కూడా వచ్చింది. అది చదివి ఫోను పక్కన పెట్టి, బయట వాన పడుతోందని చెప్పాడు బావ.

అక్క ఈసారి కిటికీ వైపు కూడా చూడలేదు. "ముద్ర వేశారా?" అంది.