బూచిగాడికి తొడిగిన చొక్కా

ఆ రోజుకి గోపిక అనుకున్న పని చాలా చిన్నది. పాప లేవకముందే అంట్లు తోమేసి, పప్పు పొయ్యి మీద పడేసి, మిగిలిన పొద్దంతా కుక్క తన కుట్లు నాక్కోకుండా కాపలా కాయాలి. అంతే. ఈ మధ్య కాలంలో ఆ ఇంట్లో ఇంత తేలికైన రోజు రాలేదనుకుంది.

కుక్క పేరు బూచి. అందరికీ బూచిగాడు. ఊళ్లో ఆడకుక్కలన్నిటికీ తానొక్కడే దిక్కన్నట్టు తిరిగి, తోటి కుక్కలతో కలబడి, చెవులు చింపుకుని, కుంటుకుంటూ ఇల్లు చేరేవాడు. ఆ మూతితోనే వచ్చి పాప మొహం నాకుతుంటే గోపికకి గుండె జారిపోయేది. మొగుడు బ్రహ్మాజీని రోజూ సతాయించి, నరసరావుపేట పశువుల ఆసుపత్రిలో వాడికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించింది. చేయించాక అసలు భయం మొదలైంది. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకునే మనిషి ఆమె. ఇప్పుడు ఫోను టార్చి వేసి బూచిగాడి కుట్లు కూడా చూసుకుంటోంది. కుట్లు ఊడితే మళ్లీ మత్తిచ్చి కుట్టాల్సి వస్తుందని, ఈసారి మానడం కష్టమని డాక్టరు చెప్పిన మాట చెవుల్లోంచి పోవడం లేదు.

నాక్కోకుండా మెడకి కట్టి పంపిన ప్లాస్టిక్ గరాటుని బూచిగాడు ఒక్క పూటలో గుమ్మానికి, మంచం కోడుకి, నీళ్ల డ్రమ్ముకి కొట్టుకుని పగలగొట్టేశాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, దానికంత కంగారు ఎందుకన్నాడు కాంపౌండరు. పాత చొక్కా ఒకటి తీసుకుని తలకిందులుగా తొడగమన్నాడు. వెనక కాళ్లు రెండూ చేతుల్లోంచి రావాలి, తోక మెడలోంచి రావాలి, కింది అంచు నడుం మీద ముడెయ్యాలి. ఇక నాలుక అక్కడికి పోనే పోదన్నాడు.

గోపిక బీరువా మీదున్న పాతబట్టల మూట విప్పింది. లుంగీలు, చిల్లులు పడ్డ బనీన్లు. వాటిలో గట్టిగా తగిలింది ఒకటే, పోయిన పంచాయతీ ఎన్నికలప్పుడు ఊరంతా పంచిన టీషర్టు. ముందువైపు మెడ కాస్త కిందికి ఉంటుంది, తోకకి వీలుగా ఉంటుందని ఆ వైపు పైకి పెట్టి తొడిగింది. కొలతలిచ్చి కుట్టించినట్టు సరిపోయింది. బూచిగాడు మెడ తిప్పి, నాలుక చాపి, అందక విసుక్కోవడం చూశాక ఆమె ప్రాణం కుదుటపడింది. చొక్కా మీద ఏదో బొమ్మ ఉందని చూడకపోలేదు. కానీ కుట్ల మీదే కళ్లు పెట్టుకున్న మనిషికి ఇంకేదీ కనబడదు.

ఊరికి మాత్రం కనబడింది.

పాపకి తలుపు గడియ తీయడం వచ్చిన సంగతి గోపికకి ఆ రోజే తెలిసింది. పప్పులో తాలింపు వేసి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది, బూచిగాడు లేడు. పాపని చంకనేసుకుని వీధిలోకి పరిగెత్తింది. టీకొట్టు దగ్గర జనం గుంపుగా నిలబడి ఉన్నారు. మధ్యలో బూచిగాడు ఎవరో వేసిన బిస్కెట్టు తింటూ తోక ఊపుతున్నాడు. ఆ తోక మొదట్లో, రెండు చేతులూ జోడించి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ శేషగిరిరావు గారి మొహం. తోక ఆయన నెత్తి మీంచి తురాయిలా లేచి, అటూ ఇటూ ఊగుతోంది.

శేషగిరిరావు అంటే బ్రహ్మాజీ టిప్పరు తోలే కంకర క్రషరుకి ఓనరు. పోయిన ఎన్నికల్లో ప్రెసిడెంటుగా నిలబడి ఓడిపోయాడు. ఓడిన దగ్గర నుంచి, తన జీతం తిని తనకి ఓటెయ్యనిది ఎవడా అని ఆరా తీసి ఒక్కొక్కరినే పని మానిపిస్తున్నాడు. బ్రహ్మాజీ వంతు ఇంకా రాలేదు.

టీకొట్టు దగ్గర ఒక్కరూ నవ్వలేదు. గోపికకి వణుకు పుట్టించింది అదే. చేతుల్లో గ్లాసులు చేతుల్లోనే ఉన్నాయి. ఫోన్లు మాత్రం పైకి లేచి ఉన్నాయి.

బూచిగాడిని ఇంటికి ఈడ్చుకొచ్చి తలుపేసేలోగా పక్కింటి రత్తమ్మ లోపలికి వచ్చేసింది. శేషగిరిరావు గారు ఓడిన రోజున అన్నం ముట్టని మనిషి ఆమె. గుండె మీద చెయ్యేసుకుని మంచం మీద కూలబడింది.

"ఏందే అమ్మాయ్ ఇది. అంత పెద్దాయన మొహం తీసకపొయ్యి యాడ పెట్టావే."

"చూసుకోలేదత్తా. వాడు కుట్లు నాక్కుంటా ఉంటే..."

"వాడి కుట్లు సరే. నీ మొగుడి ఉజ్జోగం ఊడిద్ది ఇప్పుడు. వీడియో ఊరి గ్రూపులో పడింది. ఓనరు చూడకముందే తియ్యి."

తీస్తే నాక్కుంటాడని గోపిక బావురుమంది. అయితే వేరే చొక్కా తెస్తానుండమని రత్తమ్మ ఇంటికి పోయి వెంటనే తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు ఆమె మొహంలో ఏదో సంబరం ఉంది గానీ ఆ కంగారులో గోపిక పట్టించుకోలేదు. గోపిక వాడి మూతి అదిమి పట్టుకుంది, రత్తమ్మ ఒక చొక్కా విప్పి ఇంకో చొక్కా తొడిగింది. ముడి పడ్డాక గోపిక ఇటు తిరిగి చూసింది. తోక మొదట్లో ఈసారి శ్రీమన్నారాయణ గారు దణ్ణం పెడుతున్నారు. శేషగిరిరావు మీద గెలిచిన ప్రెసిడెంటు ఆయన.

"ఇతనికి ఇదే తగిన చోటు," అని రత్తమ్మ చీర కుచ్చెళ్లు దులుపుకుంది. ఈ చొక్కా మీ ఇంట్లోకి ఎట్లా వచ్చిందని గోపిక అడగబోయింది. వాళ్లు ఇంటికొచ్చి ఇస్తే వద్దనడం బాగోదని తీసుకున్నామని, ఓటుకీ దానికీ సంబంధం లేదని రత్తమ్మ అడక్కుండానే చెప్పేసింది.

విప్పేద్దామని గోపిక ముడి మీద చెయ్యేసిందో లేదో, గేటు చప్పుడైంది. శ్రీమన్నారాయణ గారి అన్నగారి కొడుకు సుధీర్ బాబు, వెనక అతని స్నేహితులు. సుధీర్ చేతిలో బంతిపూల దండ ఉంది. గ్రూపులో వీడియో చూసి, శేషగిరిరావుని తగిన చోట కూర్చోబెట్టినందుకు కుక్కకి సన్మానం చేసి, పక్కన నిలబడి సెల్ఫీ దిగుదామని వచ్చారు.

"వదినా, బూచిగాడేడి," అన్నాడు సంతోషం పట్టలేక.

పిలిచింది తననే గదా అని బూచిగాడు తోక ఊపుకుంటూ బయటికొచ్చాడు. సెల్ఫీకి వీలుగా వెనక్కి కూడా తిరిగాడు. సుధీర్ చేతిలో దండ అట్లాగే వేలాడింది.

"వదినా. మా బాబాయి."

ఆ తర్వాత గోపిక ఇంటి ముందు ఊరు సగం పోగైంది. ఇటు రత్తమ్మ వైపు వాళ్లు, అటు సుధీర్ వైపు వాళ్లు. ఆ చొక్కా తక్షణం తీసెయ్యాలని సుధీర్ వైపు వాళ్లు. కుదరదని రత్తమ్మ వైపు వాళ్లు. తమ నాయకుడి మొహం టీకొట్టు దాకా తిరిగొచ్చిందట, వాళ్ల నాయకుడిది గుమ్మం కూడా దాటలేదట, కాబట్టి న్యాయంగా కుక్కని అంత దూరమూ ఒకసారి తిప్పుకొచ్చాకే తీయాలట. టీకొట్టు దాకా తిప్పాలా, అవతల బస్టాపు దాకా తిప్పాలా అని వాళ్లలో వాళ్లకే పేచీ వచ్చింది. ఆపరేషన్ అయిన కుక్క అంత దూరం నడవకూడదని గోపిక అంటే వినేవాళ్లు లేరు.

ఇంతలో బ్రహ్మాజీ ఫోను. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. వీడియో ఓనరు దాకా పోయిందట. టిప్పరు తాళాలు తీసేసుకున్నారట. ఓనరే ఇంటికి వచ్చి కళ్లారా చూస్తానన్నాడట. ఎవరిదో మోటారు సైకిలెక్కి బ్రహ్మాజీ ఇటే వస్తున్నాడట.

గోపిక చంకలో పాప, కాళ్ల దగ్గర బూచిగాడు. గేటు బయట ఎవరు ఏం అరుస్తున్నారో ఆమె చెవికెక్కడం లేదు. అన్ని వైపుల నుంచీ తియ్యి, తియ్యబాకు అంటుంటే ఏడుపు పోయి, దాని చోట్లో ఎక్కడ లేని మొండితనం వచ్చింది.

"తీస్తా," అంది. "తీసినాక కుట్లు మానిందాకా వాడు నాక్కోకుండా పక్కన కూసునేది ఎవరో ముందుకు రండి. రేతిరి కూడా."

అంత జనంలో ఒక్కరూ ముందుకు రాలేదు. కొందరు వెనక్కి కూడా జరిగారు.

బ్రహ్మాజీ దిగీ దిగకముందే అతని వెనకే ఓనరు కారు వచ్చి ఆగింది. ఒక వైపు నుంచి శేషగిరిరావు దిగాడు, నుదుటన విభూతి. ఇంకో వైపు తలుపు తెరుచుకుంది. నుదుటన అదే విభూతితో శ్రీమన్నారాయణ దిగాడు.

ఒకరి శవానికి ఇంకొకరు రారని ఊరు రాసిపెట్టుకున్న మనుషులు ఇద్దరూ. రత్తమ్మ నోరు తెరిచింది, మూయడం మరిచిపోయింది. సుధీర్ బాబు కారులోకి తొంగి చూశాడు, ఇంకా ఎవరెవరు దిగుతారో అన్నట్టు.

శేషగిరిరావు గొంతు సవరించుకుని చెప్పాడు. తన కొడుకు సాయి కిరణూ, శ్రీమన్నారాయణ గారి అమ్మాయి సంజనా చదువుకునే రోజుల నుంచీ ఒకరినొకరు ఇష్టపడ్డారు. రెండిళ్లలోనూ తిట్టి, కొట్టి, అలిగి, ఆఖరికి పెద్దవాళ్లే ఓడిపోయారు. ఆ పొద్దున కోటప్పకొండ మీద స్వామి ముందు మాట అనుకుని, దారిలో క్రషరు దగ్గర ఆగి, అటు నుంచి అటే వస్తున్నారు. ఇవాళ్టి నుంచి వాళ్లు వియ్యంకులు. వాళ్ల కోసం ఇన్నేళ్లూ పక్కింటి వాళ్లతో మాటలు మానేసిన జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు ఇద్దరి చూపూ బూచిగాడి మీద పడింది. తన మొహం చూద్దామని వచ్చిన శేషగిరిరావుకి వియ్యంకుడి మొహం కనబడింది. సంబంధం కలుపుకున్న పూటే, తన డ్రైవరు ఇంట్లో, ఆడపిల్ల తండ్రికి ఈ మర్యాద. బ్రహ్మాజీ గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

గోపికకి ఇక దాచడానికి ఏమీ తోచలేదు. గరాటు పగలడం దగ్గర నుంచి, ముందు ఓనరుగారి చొక్కా తొడగడం, తర్వాత అది విప్పి ఇది వేయడం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. శ్రీమన్నారాయణ అంతా విన్నాడు. విన్నకొద్దీ ఆయన మొహం పాలిపోయింది.

"అంటే ముందు బావగారు ఉంటే, ఆయన్ని దించి నన్ను ఎక్కించారా," అన్నాడు. "మగపెళ్లివారు కూసున్న చోట ఆడపిల్ల తండ్రి కూసుంటాడా ఎక్కడన్నా. ఎంత అప్రతిష్ఠ. ఒరేయ్ సుధీరూ, బావగారిని మళ్లీ పెట్టరా."

"వద్దు బావగారూ, మీరే ఉండండి," అన్నాడు శేషగిరిరావు కంగారుగా. "మీకే బాగుంది."

"మీ తర్వాతే గదా మేము."

"మనలో మనకి ఆ పట్టింపులు ఏంది."

"పట్టింపు కాదు, పద్ధతి."

కాదు కూడదంటే అది అవమానమని ఒప్పుకున్నట్టు. అవమానమని ఒప్పుకుంటే ఇందాకటి నుంచీ వియ్యంకుణ్ణి అవమానించినట్టు. శేషగిరిరావు పక్కకి జరిగి సుధీర్‌కి చోటిచ్చాడు. సుధీర్ బాబు మోకాళ్ల మీద కూర్చుని, ఊరంతా చూస్తుండగా బాబాయిని విప్పి, బాబాయి వియ్యంకుణ్ణి తొడిగాడు. తోక కూడా తనే మెడలోంచి బయటికి లాగాడు. అది లాగుతున్నంతసేపూ శ్రీమన్నారాయణ చేతులు కట్టుకుని, వినయంగా నిలబడ్డాడు. ఆయన పెదవి చివర ఏదైనా కదిలిందేమో, గోపిక నిలబడ్డ చోటు నుంచి కనబడలేదు.

"ఈ అబ్బాయి మీ డ్రైవరంట గదా బావగారూ," అన్నాడు ఆయన పని పూర్తయ్యాక. "ఎంత అభిమానం లేకపోతే ఇంట్లో కుక్కక్కూడా మీ చొక్కా తొడుగుతాడు. ఇట్టాంటి మనిషిని వదులుకోబాకండి."

శేషగిరిరావు జేబులో చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి కాసేపు జేబులోనే ఉండిపోయింది. చివరికి టిప్పరు తాళాలు తీసి బ్రహ్మాజీ చేతిలో పెట్టాడు. గోపిక పాపని గట్టిగా అదుముకుంది. గుమ్మం మీదే కూలబడింది.

కారెక్కబోతూ శేషగిరిరావు వెనక్కి వచ్చాడు. వియ్యంకుడికి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, ఈ కుట్లు ఎప్పుడు ఇప్పుతారు."

"ఇంకో వారం ఆగాలన్నారండీ."

కుట్లు విప్పేదాకా బూచిగాడు ఊళ్లో మగపెళ్లివారి మనిషిగానే చెలామణీ అయ్యాడు.